ముందొచ్చిన మెషీన్ మాట

(శిక్షణ పూర్తి చేసుకున్న యువ జర్నలిస్టుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు వక్తలు మూడుసార్లు చదివారు. నాలుగోసారి నేను చదవకపోయినా వారేమీ అనుకోరని నమ్మకం. నాకిచ్చిన అంశం 'టెక్నాలజీ, మీడియా, మారుతున్న ప్రపంచ శక్తులు'. ఇచ్చిన టైము ఇరవై నిమిషాలు. ఆ అంశానికి మూడు పుస్తకాలు రాయొచ్చు, ఈ టైములో ఒక్క సంగతి చెప్పొచ్చు. ఆ ఒక్కటే చెప్పి కూర్చుంటాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా డెస్కులో అనువాదం చేసినవాణ్ని. 1980ల మొదట్లో, అఫ్ఘానిస్తాన్‌లో సోవియట్ సేనలు ఉన్న రోజుల మాట ఇది. నైట్ డ్యూటీ. తీగ మీద వచ్చే వార్తల్ని కాగితం మీద కొట్టే మెషీన్లు, టెలిప్రింటర్లు, ఉన్న గది తలుపు తీస్తే చెవులు హోరెత్తిపోయేవి. అటెండర్ ఆ రోలు కాగితాన్ని స్కేలు ఆనించి చించి, ముక్కలు ముక్కలుగా తెచ్చి టేబుళ్ల మీద పడేసేవాడు. ఓ రాత్రి ఒకే సంఘటన మీద రెండు కాపీలు, అంటే రెండు వేర్వేరు వార్తా కథనాలు, వచ్చాయి. కొండదారిలో సైనిక వాహనాల మీద దాడి జరిగింది. దాడి చేసినవాళ్లు ఒక కాపీలో, వాషింగ్టన్ అధికారి మాటగా, 'స్వాతంత్ర్య యోధులు'. మాస్కో నుంచి వచ్చిన కాపీలో వాళ్లే 'బందిపోట్లు'.

రెండూ పట్టుకుని ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లాను. "సార్, వీళ్లని ఏమనాలి?"

ఆయన తలెత్తలేదు. "ముందు ఏదొచ్చింది?"

"వాషింగ్టన్‌ది సార్."

"అయితే అదే కొట్టు. పేజీ వెళ్లిపోవాలి."

ఆయన చెడ్డవాడేమీ కాదు, ఏ దేశానికీ ఏజెంటూ కాదు. నాకు పని నేర్పిందే ఆయన. ఆ క్షణాన ఆయన టెన్షన్ అంతా పేజీ గురించే. పొద్దున్నే పత్రికలో 'స్వాతంత్ర్య యోధులు' అని అచ్చయింది. అది నా చేతిరాతలో వెళ్లిన మాట. రెండో కాపీని మేకుకి గుచ్చేశాను. వాడని కాపీలన్నీ మా డెస్కులో మేకుకే పోయేవి.

2001 తర్వాత అవే కొండల గురించి మళ్లీ నేనే రాశాను. ఈసారి 'ఉగ్రవాదులు' అని రాశాను. అందులో కొందరు కొత్తవాళ్లు, కొందరు పాతవాళ్లే. అఫ్ఘాన్ గెరిల్లా నాయకుడు జలాలుద్దీన్ హక్కానీ ఉన్నాడు చూడండి, ఆయన నా కాపీల్లో యోధుడూ అయ్యాడు, ఉగ్రవాదీ అయ్యాడు. మధ్యలో ఆయనెంత మారాడో నాకు తెలియదు. మెషీన్ మాట మారింది, నేనూ మార్చాను.

మరి వాషింగ్టన్ మాటే ముందెందుకు వచ్చింది? ఇక్కడికొస్తే మీ అంశంలోకి వచ్చినట్టే. తీగ ఎవరిదైతే వార్త వాళ్లది. 1870లో రాయిటర్స్, ఫ్రాన్స్‌కి చెందిన హవాస్, జర్మనీకి చెందిన వూల్ఫ్ అనే మూడు వార్తా ఏజెన్సీలు అన్నదమ్ములు పొలానికి గట్లు వేసుకున్నట్టు ప్రపంచాన్ని పంచుకున్నాయి. బ్రిటిష్ సామ్రాజ్యం రాయిటర్స్ వాటాకి పోయింది. సముద్రం అడుగున కేబుళ్లు కూడా ఎక్కువ బ్రిటన్ చేతిలోనే ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో దిగగానే బ్రిటన్ చేసిన తొలి పనుల్లో ఒకటేమిటో తెలుసా? 1914 ఆగస్టు 5 తెల్లవారుజామున 'అలర్ట్' అనే చిన్న కేబుల్ ఓడని పంపి ఇంగ్లిష్ చానెల్‌లో జర్మనీ కేబుళ్లు తెంపేసింది. ఫిరంగి పేల్చలేదు, కొక్కెం వేసి పైకి లాగి కోసేసింది. సొంత తీగ లేని జర్మనీ 1917లో మెక్సికోకి పంపాల్సిన, అమెరికా మీద తనతో చేతులు కలపమనే రహస్య టెలిగ్రామ్‌ని అమెరికా వాళ్ల దౌత్య లైన్‌లో పంపింది. ఆ లైను బ్రిటన్ మీదుగా పోతుంది. బ్రిటన్ వాళ్లు చక్కగా చదువుకున్నారు. అమెరికా యుద్ధంలోకి రావడానికి ఆ టెలిగ్రామ్ కూడా ఒక కారణం.

వార్తలన్నీ ఒకవైపు నుంచే పారుతున్నాయని 1980లో ఐర్లండ్ రాజకీయవేత్త షాన్ మెక్‌బ్రైడ్ నడిపిన కమిషన్ యునెస్కోకి నివేదిక ఇచ్చింది. ఆ గొడవ ముదిరింది. 1984 ఆఖరికి అమెరికా యునెస్కో నుంచే తప్పుకుంది, మరుసటేడు బ్రిటన్. వేరే కారణాలూ ఉన్నాయి కానీ, ఇదీ ఉంది. నివేదికని అంతా మర్చిపోయారు. అది కూడా మేకుకే పోయింది.

గంట కొట్టేశారా? ఇంకో ఐదు నిమిషాలు ఇవ్వండి. ముందు వక్త తీసుకున్నదాంట్లోంచి మినహాయించుకోండి.

ఇంటర్నెట్ వచ్చింది కదా, ఇక ఎవరి తీగ ఏమిటి, ఎవరైనా మాట్లాడొచ్చు అన్నారు. నేనూ నమ్మాను. ఖండాల మధ్య నడిచే డేటాలో దాదాపు అంతా ఇప్పటికీ సముద్రం అడుగున కేబుళ్లలోంచే పోతుందని, ఆ కేబుళ్లలో ఇప్పుడు గూగుల్, మెటాలకీ వాటాలున్నాయని తర్వాత తెలిసింది. వార్తలు చూపించే టెక్ కంపెనీలు పత్రికలకి డబ్బు కట్టాలని కెనడా చట్టం చేస్తే, 2023లో మెటా తన ఫేస్‌బుక్‌లో అక్కడివాళ్లకి వార్తలే కనిపించకుండా చేసింది. అప్పుడు అక్కడ అడవులు తగలబడుతున్నాయి. ఊళ్లు ఖాళీ చేస్తున్న జనానికి ఫేస్‌బుక్‌లో వార్తా లింకు ఒక్కటీ తెరుచుకోలేదు.

చిప్పుల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 2022 అక్టోబరులో అమెరికా చైనాకి అధునాతన చిప్పుల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. 2025 జనవరిలో చైనా వాళ్ల ఏఐ డీప్‌సీక్ వచ్చి, ఒక్కరోజులో అమెరికా చిప్పుల కంపెనీ ఎన్విడియా మార్కెట్ విలువలో దాదాపు 60,000 కోట్ల డాలర్లు ఊడిపోయాయి. అధికారం పడమటి నుంచి తూర్పుకి జరుగుతోందని నా మిత్రులు సంబరపడ్డారు. నాకా సంబరం లేదు. ఆ డీప్‌సీక్ యాప్‌నే 1989లో బీజింగ్‌లో తియానన్‌మెన్ నిరసనకారుల్ని చైనా సైన్యం అణచేసిన సంగతి అడిగితే, వేరే విషయం మాట్లాడుకుందాం అంది. యజమాని మారాడు, అంతే.

ఇటు చూద్దామా? 2025 జనవరిలో గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి అమెరికా ప్రభుత్వం గల్ఫ్ ఆఫ్ అమెరికా అని పేరు మార్చింది. గూగుల్ మ్యాప్స్ అమెరికాలో ఉన్నవాడికి కొత్త పేరు, మెక్సికోలో ఉన్నవాడికి పాత పేరు, మిగతావాళ్లకి రెండూ చూపించడం మొదలుపెట్టింది. నీళ్లు అవే. పాత పేరే వాడతామన్నందుకు అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులని వైట్‌హౌస్ కార్యక్రమాలకి రానివ్వలేదు. ముప్పై ఏళ్లకు పైగా నా నోట్లో మాటలు పెట్టిన ఏజెన్సీల్లో అదొకటి. దాని మాటకే ఇప్పుడు గేటు దగ్గర చెకింగ్! నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది.

ఒక్క మాట అడుగుతాను, దాపరికం లేకుండా చెప్పండి. ఇవాళ ఏఐ చేసిన అనువాదాన్ని పక్కన ఇంకో కాపీ పెట్టుకోకుండా పేజీలో పెట్టినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఫర్వాలేదు, నేనూ ఎత్తుతున్నాను... అబ్బో, దాదాపు హాలంతా.

నా బాధ ఇదే. ఆ రాత్రి నేను తప్పు చేశాను కానీ, రెండు కాపీలూ నా కళ్ల ముందు ఉన్నాయి. ఒకదాన్ని చేతులారా మేకుకి గుచ్చాను కాబట్టే ఇన్నేళ్లుగా గుర్తుంది. ఇప్పుడు మీ స్క్రీన్ మీదికి ఒక్క కాపీయే వస్తోంది. అదీ నున్నగా, తప్పుల్లేకుండా, మంచి తెలుగులో. రెండోదాన్ని ఎక్కడ, ఎవరు, ఏ మేకుకి గుచ్చారో మీకు కనబడదు. మాస్కో కాపీ నిజమని నేననడం లేదు. 'బందిపోట్లు' అన్నదీ అంతే మోసం. 'సాయుధులు' అని రాసి ఉంటే సరిపోయేది. నాలుగక్షరాలు. ఆ రాత్రి తట్టలేదు.

సరే, రెండో గంట కూడా అయింది. ఆ రెండో కాపీని మర్నాడు మేకు నుంచి తీసి దాచుకున్నాను. ఇదిగో, తెచ్చాను. ముందు వరుస నుంచి వెనక్కి పంపుతున్నాను. సిరా బాగా వెలిసిపోయింది, మడతల దగ్గర చిరుగుతోంది, మెల్లగా పట్టుకోండి. మధ్యలో చిల్లు మేకుది. కింద ఎర్ర సిరాతో 'వాడలేదు' అని ఉంటుంది, ఆ రాత నాది. ఆఖరి వరుస దాకా వెళ్లాక మర్చిపోకుండా నాకు ఇచ్చేయండి.