ఆ మేరీ పాల్ అమ్మ! 'లెట్ ఇట్ బీ' వాయించే ముందు ఇది వినండి

నమస్కారమబ్బా. కీబోర్డు ఒకటి శ్రుతిలో, అంటే సీ మీద పెట్టుకోండి. బీటిల్స్, అదే లివర్‌పూల్ నుంచి వచ్చిన ఇంగ్లీషు రాక్ బృందం, ఎవరో మీకు చెప్పక్కర్లేదు. నేరుగా నన్ను సతాయిస్తున్న మాటకొస్తా. తిరుపతిలో ఏ కాలేజీ ఫంక్షన్లో 'లెట్ ఇట్ బీ' పాడినా, ముందు మైకులో ఒకటే మాట: "ఇది మేరీమాత మీద పాట." కాదు! పాటలో 'కష్టంలో మదర్ మేరీ నా దగ్గరికొస్తుంది' అని వచ్చే ఆ మేరీ, పాట రాసిన బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్నీ కన్నతల్లి.

ఇట్లా అనుకోండి. తిరుచానూరులో ఒకాయన ఉన్నాడు. వాళ్ళమ్మ పేరు పద్మావతి. ఆమె పోయి పన్నెండేళ్ళయింది. ఇల్లంతా గొడవలతో నలిగిపోతున్న రోజుల్లో ఒక రాత్రి ఆమె కలలోకొచ్చింది. ఆయన "కష్టంలో పద్మావతమ్మ నా దగ్గరికొచ్చింది" అని పాట కట్టాడు. మన ఊళ్ళో వినేవాళ్ళు ఎవరనుకుంటారు? అమ్మవారనే అనుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు, పేరట్లాంటిది. కానీ పాట పుట్టింది గుళ్ళో కాదు, ఇంట్లో.

పాల్ సంగతీ అంతే. లివర్‌పూల్లో వాళ్ళమ్మ మేరీ నర్సు, కాన్పులు కూడా చేసేది. 1956 అక్టోబర్ 31న, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చనిపోయింది. ఆమెకు 47, పిల్లాడికి 14. పన్నెండేళ్ళ తర్వాత, 1968 ప్రాంతంలో, బృందం లోపల్లోపల చీలిపోతున్నప్పుడు ఆమె కలలోకొచ్చి ధైర్యం చెప్పిందని పాలే చెప్పుకున్నాడు. అందుకే 'లెట్ ఇట్ బీ' అన్న మాటను 'పోతే పోనీ' అని తెలుగు చేస్తే నాకు నచ్చదు. "అట్లే ఉండనీ నాయనా, అంతా సర్దుకుంటుంది" అని అమ్మ అనే గొంతు అది.

మరి గుడి పాటలా ఎందుకు వినిపిస్తుంది? మన తిరుచానూరాయన ఆ పాటకు నాదస్వరం, డోలు పెట్టాడనుకోండి. ఇంకెవరు నమ్ముతారు అది ఇంటి పాటని? ఇక్కడ నాదస్వరం పని చేసింది హామండ్ ఆర్గాన్, అంటే చర్చి ఆర్గాన్ ధ్వనినిచ్చే కరెంటు వాద్యం. వాయించిన బిల్లీ ప్రెస్టన్ చిన్నప్పటి నుంచీ చర్చి సంగీతంలో పెరిగినవాడు. రెండో కారణం కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు. ఎఫ్ నుంచి సీకి దిగే ముగింపు చర్చి పాటల చివర 'ఆమెన్' పాడే చోట వచ్చేదే. మన కచేరీలో మంగళం వినగానే ముగింపని తెలిసినట్టు, వాళ్ళ చెవికి అది ప్రార్థన అని తెలుస్తుంది.

వాయిద్దాం. (కీబోర్డు దగ్గరగా)

చరణం మొదటి సగం: సీ, జీ, ఏ మైనర్, ఎఫ్, ఒక్కోటి రెండు దెబ్బలు. రెండో సగం: సీ రెండు, జీ రెండు, ఎఫ్ ఒకటి. ఇక్కడే అందరూ జారతారు. ఎఫ్ నుంచి సీకి ఒక్క దూకు దూకేస్తారు. దూకకూడదు, మెట్లు దిగాలి. ఎడమచేతిలో మ, గ, రి, స. ఎఫ్ ఒక దెబ్బ, ఈ అర, డీ అర, తర్వాత సీ రెండు. గిటారైతే నాలుగో తీగ మీద మూడో ఫ్రెట్, రెండో ఫ్రెట్, ఖాళీ తీగ, ఆపైన ఐదో తీగ మూడో ఫ్రెట్. ఈ మెట్లు లేకపోతే పాటలో అమ్మ ఓదార్పు ఉండదు, ఒట్టి కార్డ్స్ మిగులుతాయి.

వేగం నిమిషానికి 70 దెబ్బలు దాటి కాస్త. 85కి లాగేస్తున్నారు. దయచేసి వద్దు.

పల్లవి: ఏ మైనర్, జీ, ఎఫ్, సీ. తర్వాత మళ్ళీ సీ, జీ, ఎఫ్, మెట్లు, సీ.

మధ్యలో వచ్చే ముక్కలో బేస్ మ గ రి స, ని ద ప మ, చివర స. ఆ ని జాగ్రత్త! అది బీ ఫ్లాట్, కైశికి నిషాదం. శంకరాభరణం చేయి అలవాటున్నవాళ్ళు కాకలి నిషాదం, అంటే మామూలు బీ, నొక్కేస్తారు, ఆ ముక్క మొత్తం చెడుతుంది. హరికాంభోజి ని అని గుర్తుపెట్టుకోండి.

టైమైపోతోంది, మిగతాది గబగబా. మూలం రికార్డింగు 1969 జనవరి 31. సింగిల్ 1970 మార్చి 6న, ఆల్బమ్ మే 8న వచ్చాయి. రెండింట్లో బృందం గిటారిస్టు జార్జ్ హారిసన్ ఒంటరిగా వాయించిన ముక్క, అదే సోలో, వేరు: సింగిల్లో మెత్తగా, తిరుగుడు స్పీకరు ధ్వనితో, ఆల్బమ్‌లో పదునుగా, పైన ఆల్బమ్ నిర్మాత ఫిల్ స్పెక్టర్ పెంచిన బాకాలతో. నా ఓటు సింగిల్‌కే. తిరుచానూరాయన పాటకు మెత్తటి వీణ చాలదా? అమెరికన్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ పాడింది బీటిల్స్ సింగిల్ కంటే ముందే వచ్చింది, అదీ వినండి.

ఇక మేరీమాత అని నమ్మి పాడుకునేవాళ్ళుంటే పాల్ ఏనాడూ వద్దనలేదు. మైకులో పరిచయం చేసేటప్పుడు మాత్రం ఆ నర్సమ్మ పేరు చెప్పండి. రేపటికి మ గ రి స మెట్లు ఇరవై సార్లు, మెట్రోనోమ్ (దెబ్బలు లెక్కపెట్టే యంత్రం) 60లో.