కళ్ళు తిరిగితే కంటి డాక్టరా?

(చెన్నై స్టూడియోలో జరిగిన చర్చలో ఒక భాగం. పాల్గొన్నవారు: చాలా ఏళ్ళు ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసి ఇప్పుడు నర్సింగ్ పాఠాలు చెబుతున్న సీనియర్ నర్సు, ఒక జనరల్ ఫిజీషియన్.)

యాంకర్: మేడమ్, నర్సు అనగానే మనవాళ్ళకి ఇంజెక్షనే గుర్తొస్తుంది. ఈ నర్స్ ప్రాక్టీషనర్ ఎవరు?

నర్సు: పైచదువు చదివి, రోగిని తనే పరీక్షించి, జబ్బేంటో తేల్చి మందు రాసే నర్సు. 1965లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టారు. ఇప్పుడక్కడ సగానికి పైగా రాష్ట్రాల్లో డాక్టరు పర్యవేక్షణ లేకుండానే మందులు రాస్తున్నారు.

డాక్టర్: మన దగ్గర అలా కుదరదు కదండీ.

నర్సు: కుదరదు సార్. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ పీజీ కోర్సు పెట్టింది. అంటే ఐసీయూకి. జనం ముందొచ్చేది వీధి చివర క్లినిక్‌కి కదా! 2018 నుంచి సబ్‌సెంటర్లలో, అంటే ఊళ్ళలో ఉండే చిన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, నర్సింగ్ చదివినవాళ్ళకి ఆరు నెలల శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా పెడుతున్నారు. ఇక్కడ తమిళనాడులో అయితే 2021 నుంచి ‘మక్కలై తేడి మరుత్తువం’ (జనం దగ్గరికే వైద్యం) అనే ప్రభుత్వ పథకం కింద బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే వెళ్తున్నాయి.

డాక్టర్: ఆరు నెలల్లో ఎంతని నేర్పుతారు? రేపు మందు తేడా చేస్తే పూచీ ఎవరిది?

నర్సు: ఆ భయం నాకూ ఉంది. ఒకసారి ఉత్తర చెన్నైలో ఒక తెలుగు పెద్దావిడ వచ్చి, ‘కళ్ళు తిరుగుతున్నాయమ్మా’ అంది. నా స్టూడెంట్ తమిళమ్మాయి. కళ్ళంటే కన్ను అన్నంతవరకు ఆ పిల్లకి తెలుసు. టకటకా కంటి విభాగానికి చీటీ రాసేసింది. తమిళంలో తిరిగేది తల కదా, పాపం. నేను ఆవిడ చేతిసంచి తీయించా. రెండు ప్లాస్టిక్ కవర్లు, రెండు షాపుల్లో కొన్న బీపీ మాత్రలు. పేర్లు వేరు, లోపల మందు ఒకటే, ఆమ్లోడిపిన్. రెండూ వేసేసుకుంటోంది. పడుకోబెట్టి చూస్తే బీపీ బాగానే ఉంది, నిలబెట్టేసరికి బీపీ పడిపోయింది.

డాక్టర్: లేచిన మూడు నిమిషాల్లో పై అంకె 20 తగ్గినా తేడా ఉన్నట్టే.

నర్సు: అదే. దానికి స్కానింగులేం అక్కర్లేదు. అప్పట్నుంచి నా క్లాసులో మొదటి పాఠం: సంచి చూడండి. ఆ తర్వాత, షుగర్ ఉన్నవాళ్ళ చేత చెప్పులు విప్పించండి. స్పర్శ పోతే కాలికి పుండు పడినా వాళ్ళకి తెలీదు.

డాక్టర్: ఇన్ని మందులు అని జాబితా ఇచ్చి, అంతవరకే రాయమంటే నాకు అభ్యంతరం లేదు. 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం, 32వ సెక్షన్‌లో అలాంటి పరిమిత లైసెన్సుకి చోటుంది.

యాంకర్: మరి ఆవిడకి ఆ రెండో మాత్ర మీరే ఆపేశారా?

నర్సు: నాకెక్కడి హక్కండీ? డాక్టరు గది ముందు క్యూలో కూర్చోబెట్టా. రెండు గంటలు.

డాక్టర్: ఫోన్ చేసి అడగొచ్చుగా?

నర్సు: చేశా సార్. ఓపీ టైంలో ఎవరెత్తుతారు?