రౌతు మెత్తనైతే... ఆ సామెతతోనే నా పేచీ

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, గుర్రపు సవారీ నేర్చుకోవడానికొచ్చిన కొత్త బ్యాచ్ విద్యార్థులకు, వాళ్ళకన్నా ఎక్కువ భయపడుతున్న తల్లిదండ్రులకు, తెల్లవారకముందే లేచి గుర్రాలకు మాలిష్ చేసిన సైసులకు నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరి.

కొత్తవాళ్ళకి కాస్త ధైర్యం చెప్పమన్నారు. నాలుగైదు వందల కిలోల జంతువు మీద కూర్చుని భయపడటంలో తప్పేముందండీ? భయం మనసులో ఉన్నంతవరకు ఫరవాలేదు. అది మోకాళ్ళలోకి దిగినప్పుడే చిక్కు.

ఒక్కసారి అందరూ కుర్చీ అంచుకు జరగండి. తల్లిదండ్రులు కూడా. మోకాళ్ళు రెండూ దగ్గరికి నొక్కి, ఊపిరి బిగబట్టండి. ఇప్పుడు మడమలు చూసుకోండి. లేచాయా? భుజాలు ముందుకొచ్చాయా? గుర్రం మీదైతే ఆ లేచిన మడమలు దాని డొక్కల్లో గుచ్చుకుంటాయి. అంటే ‘పద’ అని. అది కదలగానే మీరు హడలిపోయి రెండు పగ్గాలూ లాగుతారు. అంటే ‘ఆగు’ అని. పద, ఆగు, పద, ఆగు! పాపం అది ఏం చేయాలి? తల ఎగరేస్తుంది. ‘మొండి గుర్రం’ అని పేరు పెడతాం.

గుర్రానికి మన భయం తెలుస్తుందా అని అడుగుతుంటారు. 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. గుర్రాన్ని కొంతమంది నడిపించారు, కొంతమంది సవారీ చేశారు. అదే దారిలో నాలుగోసారి వెళ్ళేటప్పుడు పక్కన టక్కున గొడుగు తెరుస్తామని ముందే చెప్పారు. తెరవలేదు. అయినా మనిషి గుండె వేగంతో పాటు గుర్రం గుండె వేగమూ పెరిగింది.

ఇక నా అసలు పేచీ. ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద కుంటుతుంది’ అని సామెత. గుర్రమంటే తెలియనివాడు కూడా ఈ ముక్క చెబుతాడు. పిల్లాడు ఎక్కగానే ‘గట్టిగా పట్టుకోరా!’ అని కంచె అవతల నుంచి కేక. ఏం పట్టుకోవాలి? పగ్గాలా? కళ్ళెం ఇనుము ఆనేది పళ్ళు లేని చిగురు మీద. రెండు చేతులా లాగి పట్టుకుంటే గుర్రం ఆ నొప్పికి ఎదురు తోస్తుంది, కొన్ని ఇంకా పరిగెడతాయి. వెన్ను నిటారుగా పెట్టి, బరువు జీనులోకి దించి, ఊపిరి వదిలి, పగ్గం పట్టి వదలాలి. మళ్ళీ పట్టి వదలాలి. వదిలినప్పుడే దానికి అర్థమవుతుంది. రౌతు మాట మెత్తబడకూడదు, ఒప్పుకుంటాను. చెయ్యి మాత్రం మెత్తగానే ఉండాలండీ, సామెత ఏమన్నా సరే.

పట్టుకోవాలనిపిస్తే జీను ముందుభాగానికి కట్టిన మంకీ స్ట్రాప్ అనే పట్టీ ఉంది. మొహమాటపడకండి, దాన్ని కట్టిందే అందుకు.

చైర్మన్ గారు వాచీ చూస్తున్నారు. రికాబుల సంగతి, అంటే పాదాలు పెట్టుకునే కొక్కేల సంగతి చెప్పి ముగిస్తాను. వేళ్ళ కొసలు రికాబు తోలు వేలాడే చోట ఆనించి, రికాబును చంక వరకు చాచండి. సుమారుగా అదే మీకు సరిపోయే రికాబు పొడవు. పొడవెక్కువైతే పాదం దాన్ని వెతుక్కుంటుంది, సగం భయం అక్కడే పుడుతుంది. మొదటి రోజులు లంజింగ్ తాడు మీదే, అంటే శిక్షకుడు చేత పట్టుకుని గుర్రాన్ని తన చుట్టూ తిప్పే పొడవాటి తాడు. సుమారు 20 మీటర్ల వలయంలో గుర్రం బాధ్యత మధ్యలో ఉన్న శిక్షకుడిది, మీ చేతుల్లో పగ్గాలుండవు. నడకలో నాలుగు గిట్టలు నాలుగు దెబ్బలుగా పడతాయి. వాటిని పైకి లెక్కపెట్టండి. నోరు లెక్కపెడుతుంటే ఊపిరి బిగబట్టడం కుదరదు. అది అలవాటయ్యాకే ట్రాట్, అంటే నడక కన్నా వేగమైన దుడుకు నడక.

అన్నట్టు, పడినవాణ్ణి వెంటనే మళ్ళీ ఎక్కించాలంటారు మనవాళ్ళు. తల తగిలితే ఆ రోజుకి సవారీ బంద్. ముందు డాక్టరు. హెల్మెట్ పైకి బాగానే ఉన్నా మార్చేయాలి, లోపలి ఫోమ్ ఒకసారి నలిగితే మళ్ళీ కాపాడదు.

నేను మాట్లాడినంతసేపూ మీ గుర్రాలు బయట జీన్లతో నిలబడే ఉన్నాయి. జీనును కట్టే పొట్టపట్టీ బిగించేటప్పుడు పొట్ట ఉబ్బించే గడుసువి ఉంటాయి, ఈపాటికి ఊపిరి వదిలేసి ఉంటాయి. ఎక్కేముందు పొట్టపట్టీ కింద రెండు వేళ్ళు పెట్టి చూసుకోండి. నాలుగు వేళ్ళు పడితే మాత్రం సైసును పిలవండి.