విలన్ ప్రాణం ఏ చిలుకలో ఉంది?

నమస్తే అండి. ముందు మా టేబుల్ దగ్గర జరిగిన సంగతి ఒకటి చెప్పి, తర్వాత అసలు విషయంలోకి వస్తాను.

ఒక ఆదివారం మా ఇంట్లో క్యాంపెయిన్ (నెలల తరబడి సాగే ఒకే కథ) చివరి సెషన్. ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ), అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. ఐదో ఎడిషన్, 2014 రూల్స్. ఏడాదిన్నరగా ఆడుతున్నాం. నేను డీఎం, అంటే కథ నడిపిస్తూ విలన్లని ఆడించేవాణ్ణి. ప్లేయర్లు నలుగురు, అందరూ తొమ్మిదో లెవెల్. ఎదురుగా సింహాసనం మీద మాంత్రిక రాజు. వాడికి నేను ఇచ్చినవి 150 హిట్ పాయింట్లు, దెబ్బలు తగిలి అవి సున్నాకి దిగితే పని అయిపోయినట్టే.

మొదటి రౌండ్‌లోనే విజార్డ్ (మంత్రగత్తె పాత్ర) ఆడే అమ్మాయి, మనిషిని కదలకుండా చేసే హోల్డ్ పర్సన్ మంత్రం వేసింది. రెండో లెవెల్ స్పెల్ అది. మా రాజు మనిషే కాబట్టి వాడి మీద పనిచేస్తుంది. తప్పించుకోవడానికి నేను సేవ్ పాచిక వేస్తే నాలుగే పడింది. కొయ్యబారిపోయాడు. అలా కదల్లేని వాణ్ణి పక్కనే నిలబడి కొడితే, తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్. డ్యామేజ్ పాచికలు రెట్టింపు వేసుకోవాలి. పాలడిన్ (దైవభక్తుడైన యోధుడి పాత్ర) రెండు దెబ్బలు వేశాడు, రెండింటికీ డివైన్ స్మైట్, అంటే దెబ్బకి తోడు దైవశక్తి, కలిపాడు. ఎనిమిది ముఖాల పాచికలు చాలక పక్కవాళ్ళవి కూడా లాక్కున్నాడు. లెక్కేస్తే 112. ఆ తర్వాత రోగ్ (దొంగ పాత్ర) వంతు, 47. మొత్తం 159. రాజు చచ్చాడు.

నలుగురూ కుర్చీల్లోంచి లేచి నా మొహం చూస్తున్నారు. నేను నా కాగితాలు వాళ్ళకి కనబడకుండా పెట్టుకునే స్క్రీన్ వెనక పెన్సిల్‌తో 150 కొట్టేసి 300 రాశాను. "రక్తం కక్కుకుంటూనే నవ్వుతున్నాడు" అన్నాను. అందరూ మళ్ళీ కూర్చున్నారు. ఇంకో గంటన్నర ఆడాం, గెలిచారు, ఇళ్ళకి వెళ్ళారు. నాకే మనసొప్పలేదు. రెండు వారాల తర్వాత వాళ్ళని కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. పాలడిన్ ఆడే కుర్రాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "అన్నా, అంటే ఆ రోజు నేను స్మైట్ కొట్టినా కొట్టకపోయినా ఒకటేనా?"

ఒకటే. ఆ మాట పైకి అనడానికి నాకు నోరు రాలేదు. అప్పటి నుంచీ నా బుర్రలో తిరుగుతున్న ప్రశ్నే ఇవాళ్టి వీడియో. క్యాంపెయిన్‌లో అందరికంటే పెద్ద విలన్‌కి ఎంత బలం ఉండాలి?

ఈ ఆటలో బలం అనగానే అంకెల వైపు చూస్తాం. కానీ అంకెలు నమ్ముకుంటే మునుగుతాం. 1978లో వచ్చిన ఒక డీ అండ్ డీ అడ్వెంచర్‌లో (ఆడుకోవడానికి ముందే రాసి అచ్చేసిన కథ) లోల్త్ అనే సాలెపురుగుల దేవతకి ఇచ్చినవి 66 హిట్ పాయింట్లు. ఆ రోజుల్లో అంకెలన్నీ చిన్నవే లెండి. అయినా అంకె అంటూ రాశాక, దాన్ని సున్నాకి ఎలా దించాలా అనే ప్లేయర్లు ఆలోచిస్తారు. ఇటువైపు ఈ ఆటలో రాక్షసుల వివరాలుండే పుస్తకం, 2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో టరాస్క్ అనే మహా మృగాన్ని చూడండి. 676 హిట్ పాయింట్లు, చాలెంజ్ రేటింగ్ (ఎంత ప్రమాదకరమో చెప్పే అంకె) 30. ఆ పుస్తకంలో అంతకంటే పెద్ద రేటింగ్ లేదు. కానీ దానికి తెలివి మూడంటే మూడు. ఎగరలేదు, దూరంగా ఉన్నవాణ్ణి కొట్టడానికి దాని దగ్గర ఏమీ లేదు. అది తుఫాను లాంటిది. ఊళ్ళని తొక్కేస్తుంది, అంతే. దానికి మీ మీద పగ ఉండదు.

ఇంకో చిక్కు వంతులది. ఒక రౌండ్‌లో మీ ప్లేయర్లకి నాలుగు వంతులు, ఒంటరి విలన్‌కి ఒక్కటి. ఈ తేడా పూడ్చడానికే లెజెండరీ యాక్షన్లు పెట్టారు, అంటే ఎదుటివాళ్ళ వంతు అయిపోగానే విలన్ ఇంకో పని చేసుకోవచ్చు. లెజెండరీ రెసిస్టెన్స్ ఉంటే ఫెయిలైన సేవ్‌ని పాస్ అనుకోవచ్చు. మా రాజుకి నేను ఈ రెండూ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఆ మొదటి రౌండ్ దాటేవాడు. దాటితే మంచి పోరాటం అయ్యేదేమో కానీ, మంచి విలన్ మాత్రం అయ్యేవాడు కాదని ఇప్పుడు నా నమ్మకం.

ఎందుకో చెప్తాను. అదే పుస్తకంలో లిచ్ ఉంది. చావుని జయించిన మంత్రగాడు, చాలెంజ్ రేటింగ్ 21. హిట్ పాయింట్లు ఎన్నో తెలుసా? 135. మా రాజు కంటే తక్కువ! కానీ వాడి ఆత్మ ఒంట్లో ఉండదు. ఫైలాక్టరీ అని, తాయెత్తు లాంటి వస్తువులో దాచుకుంటాడు. ఒంటిని నాశనం చేస్తే, పది ముఖాల పాచిక మీద ఎంత పడితే అన్ని రోజుల్లో కొత్త ఒంటితో లేచి వస్తాడు.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మే గుర్తొచ్చింది. మాయల ఫకీరు కథ ఆమె దగ్గరే విన్నాను. ఫకీరు బాలనాగమ్మని ఎత్తుకుపోతాడు. మొగుడు కార్యవర్ధి సైన్యంతో మీదకి వెళ్తే రాయి చేసి పారేస్తాడు. ఆ తర్వాత ఏళ్ళకి కొడుకు బాలవర్ధి వెళ్తాడు. కత్తి పట్టుకుని ఎదురెళ్ళడు. ఫకీరు ప్రాణం ఎక్కడుందో ముందు తెలుసుకుంటాడు. ఎక్కడో సముద్రాల అవతల చిలుకలో ఉంది. చిలుక మెడ విరిచాడు, ఫకీరు పోయాడు.

కార్యవర్ధి ఓడిపోవడం ఆ కథకి ఎంత అవసరమో చూడండి. ఎదురెళ్తే రాయి అయిపోతామని మనకి ముందే తెలిసింది. అందుకే చిలుక కోసం వెతకడానికి అర్థం వచ్చింది. నా లెక్క ఇదీ: పెద్ద విలన్ ఎదురుబొదురు పోరాటంలో మీ ప్లేయర్లని ఓడించేంత బలవంతుడై ఉండాలి. ఆ బలానికి ఒక చిరునామా ఉండాలి. అది ఆడుతూ ఆడుతూ కనుక్కోగలిగేదై ఉండాలి. ఒక్కచోట ఆధారం పెడితే ప్లేయర్లు దాన్ని దాటేసి పోతారు, కనీసం మూడు చోట్ల పెట్టండి. మీరు అనుకోని దారిలో చిలుక దగ్గరకి చేరినా ఒప్పుకోండి. హిరణ్యకశిపుడు ఇంటా బయటా, పగలూ రాత్రీ అని అన్నీ కట్టుదిట్టం చేసుకున్నాక కూడా గడప మిగిలింది, సంధ్య మిగిలింది. మీ ప్లేయర్లు మీరు చూడని గడప ఒకటి చూస్తారు.

ప్లేయర్ల లెవెల్ పెరిగే కొద్దీ విలన్‌ని కూడా పెంచుకుంటూ పోవాలనే డీఎంలు ఉన్నారు. నేను ఒప్పుకోను. అలా చేస్తే వాళ్ళు సంపాదించుకున్నదానికి విలువ లేకుండా పోతుంది. నేను 150ని 300 చేసినట్టే అది కూడా, కాకపోతే నెలల తరబడి సాగుతుంది.

స్ట్రాడ్‌ని చూడండి. ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ దంపతులు రాసిన రేవెన్‌లాఫ్ట్ అనే అడ్వెంచర్‌తో 1983లో వచ్చిన రక్తపిశాచి. 2016లో కర్స్ ఆఫ్ స్ట్రాడ్‌గా మళ్ళీ వచ్చాడు. ప్లేయర్లు ఒకటో లెవెల్‌లో మొదలుపెట్టి పదో లెవెల్ దాకా వెళ్తారు. స్ట్రాడ్ మొదటి రోజు నుంచీ చాలెంజ్ రేటింగ్ 15, హిట్ పాయింట్లు 144. మూడో లెవెల్‌లో ఉండగా ఎదురుపడితే చంపగలడు. చంపడు, మాట్లాడతాడు, కోటకి విందుకి పిలుస్తాడు. ఈలోగా మేడమ్ ఈవా అనే ముసలామె కార్డులు పరిచి, సూర్యఖడ్గం ఎక్కడుందో, పవిత్ర చిహ్నం ఎక్కడుందో, స్ట్రాడ్ రాసుకున్న పుస్తకం ఎక్కడుందో సూచనలు చెప్తుంది. కార్డులు ఎలా పడితే అవి అక్కడ ఉంటాయి, ప్రతి టేబుల్‌కీ మారిపోతాయి. వాడి బలం ఎప్పుడూ అంతే. పెరిగేది ప్లేయర్లకి వాడి గురించి తెలిసినదే. ఒంట్లో సత్తువ అయిపోయినా వాడు పొగమంచై శవపేటికకి పారిపోతాడు, కాబట్టి ఆ పేటిక ఎక్కడుందో కూడా తెలియాలి. నలభై ఏళ్ళు దాటినా ఈ విలన్ని జనం ఇంకా ఆడుతున్నారంటే నాకేం ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు మా ఇంట్లో కొత్త క్యాంపెయిన్ నడుస్తోంది. అదే నలుగురు, ఐదో లెవెల్. ఈసారి విలన్ లిచ్, 135 హిట్ పాయింట్లు. ఆ అంకె పెన్‌తో రాసి, కవర్లో పెట్టి అంటించి, పాలడిన్ కుర్రాడి చేతికే ఇచ్చాను. చివరి సెషన్‌లో వాడే విప్పుతాడు. పోయిన ఆదివారం మొదటిసారి లిచ్ వాళ్ళకి ఎదురుపడ్డాడు. ఒక్క స్పెల్‌తో ఇద్దరు నేలమీద పడ్డారు, మిగతా ఇద్దరూ వాళ్ళని ఈడ్చుకుంటూ పారిపోయారు. టేబుల్ అంతా నిశ్శబ్దం. విజార్డ్ అమ్మాయి మాత్రం తన నోట్‌బుక్‌లో వెనక్కి తిప్పుతూ, "అన్నా, మూడో సెషన్‌లో ఆ గుడి పూజారి మెళ్ళో తాళం లేని చిన్న పెట్టె ఉందన్నారు కదా, అది ఏ లోహం?" అంది.

వెండి అన్నాను. రాసుకుంది.