నూరు చింతపిక్కల లెక్క: వంశంలో వచ్చే రొమ్ము క్యాన్సర్ ముప్పు

(తెర మీద: నేల మీద పరిచిన పాత చీర, పక్కన పళ్ళెంలో చింతపిక్కలు)

నమస్కారం. ఈ పిక్కల సంగతికి వస్తాను. ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

మా పిన్నిది నెల్లూరు. 41 ఏళ్ళకే రొమ్ములో గడ్డ వచ్చి, చెన్నైలో ఆపరేషన్ అయింది. అంత చిన్న వయసులో వచ్చింది కాబట్టి డాక్టరు జన్యు పరీక్ష రాశారు. రిపోర్టు రోజున పినాకిని రైలెక్కి వచ్చింది. నేను టీనగర్‌లోనే ఉంటాను, తోడు వెళ్ళాను. రిపోర్టు వివరించే కౌన్సెలర్‌కి తమిళం, ఇంగ్లీషు వచ్చు. తెలుగులో చెప్పే పని నాది.

"బ్రాకా వన్ పాజిటివ్" అన్నారామె. అంటే బ్రాకా వన్ అనే జన్యువులో చెడు మార్పు ఉందని. కరోనా రోజుల నుంచి మనకు పాజిటివ్ అంటే జబ్బు ఉన్నట్టే. పిన్ని అక్కడే బిగుసుకుపోయింది. తర్వాత కౌన్సెలర్ పిన్ని కూతురు, అంటే 22 ఏళ్ళ మా చెల్లెలి గురించి చెప్పారు: ఆ అమ్మాయికి కూడా ఈ మార్పు వచ్చి ఉంటే, 80 ఏళ్ళలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 72 శాతం అని. నేను టెన్షన్‌లో "చెల్లికి 72 శాతం అంట పిన్నీ" అన్నాను.

"బిడ్డకు అప్పుడే ముప్పాతిక వంతు పాకిందా?" అంది పిన్ని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"వచ్చి ఉంటే" అన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఆ ఒక్క మాట లేకపోతే ముప్పు కాస్తా జబ్బు అయిపోతుంది.

(తెర మీద: చేతిలో రూపాయి బిళ్ళ)

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాను, ముందు రూపాయితో. బ్రాకా జన్యువు అందరిలోనూ ఉంటుంది, తెగిన డీఎన్‌ఏని బాగుచేయడం దాని పని. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. పిన్నికి ఉన్న రెండింటిలో ఒకటి చెడింది. బిడ్డకు ఏది వెళ్తుందన్నది బొమ్మా బొరుసే. ప్రతి బిడ్డకూ రూపాయి విడిగా ఎగరేయాల్సిందే, పెద్దవాడికి వచ్చింది కాబట్టి చిన్నదానికి రాదు అనే లెక్క లేదు.

"మేనబావను చేసుకున్నందుకేనా?" అని అడిగింది పిన్ని. ఏళ్ళ తరబడి ఆమె మనసులో ఉన్న ప్రశ్న అది. కాదు. ఒకవైపు నుంచి ఒక్కటి వచ్చినా చాలు, ఈ ముప్పుకి మేనరికంతో పనిలేదు. ఇది ఆమెకు రెండుసార్లు చెప్పాను.

(తెర మీద: చీర మీద నూరు పిక్కలు)

ఇప్పుడు పిక్కలు. నూరు పిక్కలంటే ఒక మనిషి ఒంట్లో నూరు భాగాలు కాదు. ఈ మార్పు ఉన్న నూరుమంది ఆడవాళ్ళు. 30 ఏళ్ళు వచ్చేసరికి రొమ్ము క్యాన్సర్ వచ్చేవాళ్ళుగా 4 పిక్కలు పక్కకు జరిపాను. 40కి మొత్తం 24. 50కి 43. 80కి 72. పిన్ని ఎక్కువసేపు చూసింది ఆ మొదటి నాలుగింటినే. "అయితే దానికి టైం ఉంది" అంది. కౌన్సెలర్ చెప్పాలనుకున్నదీ అదే. ఈ అంకెలు 2017లో వచ్చిన పెద్ద అధ్యయనంవి, దాదాపు 10 వేలమంది ఆడవాళ్ళను గమనించారు. ఎక్కువగా పాశ్చాత్య దేశాల కుటుంబాలు కాబట్టి మనకు సుమారు లెక్కలుగానే తీసుకోవాలి.

ఆ టైంలో చేయగలిగినవి ఉన్నాయి. మార్పు ఉందని తేలితే 25 ఏళ్ళ నుంచి ఏటా రొమ్ముల ఎంఆర్‌ఐ స్కాన్, 30 నుంచి మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) కూడా. కావాలనుకున్నవాళ్ళు ముందే రొమ్ములు తీయించుకుంటే ముప్పు 90 శాతానికి పైగా తగ్గుతుంది. పిల్లలు పుట్టాక, 35 నుంచి 40 మధ్య అండాశయాలు తీయించుకోమంటారు, ఎందుకో తర్వాత చెప్తాను. నిర్ణయం మాత్రం ఆ అమ్మాయిదే, పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళది కాదు.

(తెర మీద: కాగితం మీద చేత్తో గీసిన వంశవృక్షం)

కౌన్సెలర్ అడిగిన ఒక ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు. "మీ అమ్మ ఎలా పోయారు?" పిన్ని మామూలుగా చెప్పింది, "కడుపులో నీళ్ళు చేరి" అని. కౌన్సెలర్ పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఈ జన్యువులో మార్పుంటే అండాశయ క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ, 80 ఏళ్ళలోపు నూటికి సుమారు 44. అది ముదిరితే కడుపులో నీళ్ళు చేరతాయి. అమ్మమ్మది అదేనని ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. కానీ మన ఇళ్ళల్లో "కడుపు జబ్బు", "ఆడవాళ్ళ జబ్బు" అని వదిలేసిన చావులు ఎన్ని! వంశం అనగానే ఇంటిపేరు వరకే చూస్తాం. జన్యువు ఇంటిపేరు చూడదు. అమ్మమ్మ, మేనత్త, నాయనమ్మ, పెదనాన్న కూతుళ్ళు అందరూ ఆ కాగితం మీదికి రావాలి. నాన్న నుంచీ రావచ్చు, అందుకే ఆయన వైపువాళ్ళనూ అడగండి.

ఒక్కోసారి రిపోర్టులో "అర్థం తేలని మార్పు" అని వస్తుంది. దాన్ని పట్టుకుని ఆపరేషన్‌కి పరుగెత్తకూడదు.

ఇక అమ్మ. పిన్నికి సొంత అక్క. వీడియో కాల్‌లో పిక్కలు చూస్తూ అడిగింది, "నేను ఏ కుప్పలో ఉన్నానే?"

"ఇంకా పిక్కల దాకా రాలేదమ్మా. నీది ముందు బొమ్మా బొరుసా తేలాలి. నీకు లేకపోతే నీ నుంచి నాకూ రాదు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సోమవారం పినాకినికి నాకొక టికెట్ తీయి" అంది.