మిద్దె ఎక్కే ముందు మీటరు చూడండి

అందరికీ నమస్కారం. మే నెల ఎండ ఇంకా దిగకముందే ఇంతమంది ఈ హాలుకు వచ్చారంటే, కరెంటు బిల్లు మీ అందరినీ ఎంత బాధపెడుతోందో తెలుస్తోంది. నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. ఈ రోజు మాత్రం మీ గుమ్మం పక్కన గోడకున్న మీటరు గురించే మాట్లాడతాను.

మొన్న రాత్రి మా ఇంట్లో అందరూ మిద్దె మీద పడుకోవడానికి వెళ్లారు. కింద దీపాలు, ఫ్యాన్లు ఆపి, కాసేపు ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి, టార్చి పట్టుకుని మీటరు ముందు నిలబడ్డాను. ఆ చిన్న ఎర్ర దీపం ఆగిపోవాలి. ఆగలేదు. రెండు నిమిషాలకొకసారి మిణుకుమంటూనే ఉంది. మా మీటరు మీద 3200 అని రాసి ఉంది. అంటే దీపం 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. మీ మీటరు మీద వేరే అంకె ఉండవచ్చు, చూసుకోండి. లెక్క వేస్తే దాదాపు పది వాట్లు ఎక్కడో కాలుతున్నాయని తేలింది. వెతికాను. టీవీ కింద ఉన్న సెట్ టాప్ బాక్స్ మీద చేయి పెడితే గోరువెచ్చగా తగిలింది. రిమోట్‌తో టీవీ ఆపుతున్నాం, గోడ మీది స్విచ్ జోలికి ఎవరమూ పోవడం లేదు. రాత్రింబవళ్లు పది వాట్లంటే నెలకు ఏడు యూనిట్లు.

మన కడప జిల్లాలోనే ముద్దనూరు దగ్గర 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. అక్కడికి సింగరేణి బొగ్గు రైళ్లలో వస్తుంది. బొగ్గుతో ఒక యూనిట్ తీయాలంటే అరకిలోకు పైనే కాల్చాలి. ఆ ఏడు యూనిట్ల వెనక ఎంత బొగ్గు ఉందో ఆ రాత్రి లెక్క వేసుకుని నాకు నిజంగా మనసు చివుక్కుమంది.

ఫ్యాన్ ఆపమని మాత్రం నేను చెప్పను. పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో అది అన్యాయం. కానీ పాత ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది, కొత్తగా వచ్చిన, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 చాలు. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాన్‌ను మారిస్తే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ధర ఎక్కువే, కాబట్టి అన్నీ ఒకేసారి వద్దు. ఎక్కువసేపు తిరిగేది ఏదో చూసి దానితో మొదలుపెట్టండి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా మెట్లు మెట్లుగా పెరుగుతుంది. అందువల్ల మనం తగ్గించేది ఎప్పుడూ పై మెట్టులోని ఖరీదైన యూనిట్లనే.

మిద్దెకు తెల్ల సున్నం వేయించండి. పగలంతా ఎండ తాగిన కప్పు రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంటే, కింద ఫ్యాన్ ఆ వేడిగాలినే తిప్పుతుంది. ఏసీ ఉన్నవాళ్లు 26 దగ్గర పెట్టి, ఫ్యాన్‌ను మెల్లగా తిప్పండి. పూజ గదిలో పాత గాజు జీరో బల్బు ఉంటే తీసేయండి. పేరులోనే సున్నా, లాగేది పది పదిహేను వాట్లు.

ఇక మోటారు. ఒక హార్స్‌పవర్ అంటే దాదాపు 750 వాట్లు. ట్యాంకు నిండి నీళ్లు వీధిలోకి కారుతుంటే కరెంటుతో పాటు నీళ్లూ పోతున్నాయి. బోర్లు ఎండిపోయే ఊళ్లో అది చూస్తూ ఊరుకోలేను. మోటారు వేసిన మనిషే దగ్గరుండి ఆపాలి.

ఈ నెల బిల్లు వెంట తెచ్చుకున్నవాళ్లు ముందు వరుసలోకి రండి. ఒక్కొక్కటీ కలిసి చూద్దాం.