పైన భాస్వరం, కింద పదును: వేరు ఎటు పోవాలి?

అందరికీ నమస్కారం. ఈ సభలో వేరుశనగ వేసే రైతులున్నారు, వ్యవసాయ డిగ్రీ చదివే పిల్లలూ ఉన్నారు. రైతులకు తెలిసింది రైతులకే, పిల్లలు చదివింది పిల్లలకే చెప్పి దిగిపోతానేమోనని నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది.

అనంతపురం వాన లెక్క మీకు కొత్త కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ మనం అడిగినప్పుడు రాదు. విత్తినాక వారాల తరబడి చినుకు రాలని ఏళ్లు చూశారు. అలాంటప్పుడు పక్కపక్క చేలల్లో ఒకటి మధ్యాహ్నానికే తలవాల్చేస్తుంది, ఇంకొకటి మరో వారం నిలబడుతుంది. రెండింటి మీదా పడింది ఒకటే వాన. విత్తనం తేడా అంటారు, నేల లోతు అంటారు. అవీ నిజమే. మనం పెద్దగా తలుచుకోని కారణం ఇంకొకటుంది, అదే భాస్వరం.

భాస్వరం నడవలేదు. నత్రజని నీళ్లలో కరిగి, నీళ్లు ఎటు పోతే అటు పోతుంది. వేరు నీళ్లు తాగితే దాంతోపాటే లోపలికొస్తుంది. భాస్వరం మాత్రం మట్టి రేణువుల చుట్టూ ఉండే పల్చటి నీటి పొరలో పాక్కుంటూ రావాలి. నేల తడిగా ఉన్నప్పుడే రోజుకు అర మిల్లీమీటరు కదిలితే గొప్ప. అందుకే వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది తినేసి, ఆ తర్వాత కొత్త చోటు వెతుక్కోవాలి. నేల ఆరిందంటే ఆ నీటి పొర అక్కడక్కడా తెగిపోతుంది. అప్పుడు భూసార పరీక్షలో భాస్వరం ఉన్నట్టే కనబడుతుంది, మొక్కకు మాత్రం అందదు. బెట్టలో పైరుకు దాహమే అనుకుంటాం గానీ, ఆకలి కూడా ఉంటుంది.

ఇంకో చిక్కు ఏమిటంటే, వేసిన చోటే ఉండిపోతుంది కాబట్టి భాస్వరం ఎక్కువగా పైనున్న జానెడు మట్టిలోనే ఉంటుంది. ముందు ఆరేది కూడా ఆ జానెడే. పదును, అంటే మట్టిలోని తడి, కిందికి దిగిపోతుంది. అన్నం మిద్దె మీద, నీళ్లు బావిలో అన్నట్టు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జొనాథన్ లించ్ బృందం రాజ్మా మీద ఏళ్ల తరబడి పనిచేసి ఇదే చూపించింది. వేర్లు పైపైన పరుచుకునే రకాలు భాస్వరం తక్కువున్న నేలలో నెగ్గుతాయి, లోతుకు దిగేవి బెట్టలో నెగ్గుతాయి. రెండూ తక్కువైన చోట మొక్క ఎటు పోవాలి? మన మెట్ట చేలు చాలావరకు ఆ ఇరకాటంలోనే ఉన్నాయి.

మొలక దశలోనే భాస్వరం దొరికితే వేరు త్వరగా సాగి, పైమట్టి ఆరేలోపు కింది పదునును అందుకుంటుంది. పైరు కాస్త ముందుగా పూతకొస్తుంది కాబట్టి చివరి బెట్ట దెబ్బ కొంత తప్పుతుంది. ఇవి ఊహించదగ్గవే. నన్ను ఆశ్చర్యపరిచింది పత్తి మీద 1980లలో వచ్చిన ఒక ఫలితం. భాస్వరం లోపించిన మొక్కల వేర్లలో నీటిని పైకి పంపే సత్తువే తగ్గిపోతోందని తేలింది. నేలలో నీళ్లున్నాయి, వేరూ ఉంది, అయినా ఆకుకు చాలినంత అందడం లేదు.

ఈ సంగతి బాగా తేటతెల్లమయింది నైజర్ దేశపు ఇసుక నేలల్లో. అక్కడ సజ్జ పండిస్తారు. కరువు సీమ కదా, నీళ్లే కొరత అని ఎవరైనా అనుకుంటారు. కొలిచి చూస్తే చాలాచోట్ల భాస్వరమే ముందు అడ్డం పడుతోంది. భాస్వరం వేసిన చేను వాడుకున్న నీరు కాస్తే ఎక్కువ, దిగుబడి మాత్రం చాలా ఎక్కువ. ఎరువు లేని చేలో ఆకు పల్చగా ఉండి, వాన నీటిలో పెద్ద భాగం బోసి నేల మీద నుంచే ఆవిరైపోతుంది. ఆ రైతులు బస్తాలు బస్తాలు కొనలేరు. అందుకని సీసా మూతతో కొలిచి, కుదురుకు 6 గ్రాముల ఎరువు విత్తనం దగ్గరే వేసే పద్ధతి వచ్చింది. ఆ సీసా మూత నాకు భలే నచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పైరు వాడుతోందని, భాస్వరం ఉండే డీఏపీ ఎరువు తెచ్చి పైన చల్లేవాళ్లను చూస్తూనే ఉన్నాను. అది ఎండిన మట్టి మీద పడి, అక్కడే ఉంటుంది. బెట్టకు కావలసిన భాస్వరం బెట్టకు ముందే వేరు దగ్గర ఉండాలి. మెట్ట వేరుశనగకు ఎకరాకు 100 కిలోల సూపర్ (సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఎరువు) అంటే 16 కిలోల భాస్వరం. ఆఖరి దుక్కిలోనో, గొర్రుతో సాలులోనో వేయండి. వేరుశనగకైతే నేను సూపర్ వైపే మొగ్గుతాను, అందులో కాయకు కావలసిన కాల్షియం, గంధకం కూడా ఉంటాయి. పశువుల ఎరువు తోడైతే మరీ మంచిది.

వేసిన దాంట్లో మొదటి పైరు తీసుకునేది ఐదో వంతు దాకానే. మిగతాది ఎర్ర నేలలో ఇనుము, నల్లరేగడిలో సున్నం పట్టేస్తాయి. పటాన్‌చెరులో మెట్ట పంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్‌లో కంది మీద చేసిన పరిశోధన ఒకటి 1990లో సైన్స్ పత్రికలో వచ్చింది. కంది వేరు పిసిడిక్ ఆమ్లం లాంటి ఆమ్లాలను వదిలి, ఇనుము పట్టుకున్న భాస్వరాన్ని విడిపించుకుంటుందని అందులో తేల్చారు. వేరుశనగలో అంతర పంటగా కంది సాళ్లు వేసిన మన పెద్దలకు ఆ ఆమ్లం పేరు తెలియదు, చేను మాత్రం తెలుసు.

అలాగని కుమ్మరించకండి. భాస్వరం మితిమీరితే జింకు లోపం వస్తుంది, వేర్లతో కలిసి బతుకుతూ దూరంగా ఉన్న భాస్వరాన్ని తెచ్చిపెట్టే మైకోరైజా శిలీంధ్రం కూడా తగ్గిపోతుంది. పైగా ఆకు మరీ గుబురుగా పెరిగితే, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు ఉన్న పదునంతా తాగేసి కూర్చుంటుంది.

అందుకని ముందు పరీక్ష చేయించండి. మట్టి 15 సెంటీమీటర్ల లోతు వరకు తీయండి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్ప పోసిన చోట వద్దు. చేను నిండా పది పదిహేను చోట్ల తీసి కలిపి, అందులోంచి అరకిలో పంపండి. రిపోర్టు వచ్చాక ఇక్కడికే పట్టుకురండి, కూర్చుని చూద్దాం.